అద్దె సైకిళ్ళ కొట్టులో ఒక మోటారు సైకిలు చక్రం

1997 ఎండాకాలంలో 8,500 రూపాయలకు కొన్న పాత హీరో హోండా సీడీ 100ను నేను ఎంపిక చేసుకున్న తీరు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే నవ్వొస్తుంది. బండి చూడడానికి నాతో ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఒకడు కిక్కు కొట్టి ఇంజిను చప్పుడు విన్నాడు, ఇంకొకడు సైలెన్సరు వెనక అరచెయ్యి పెట్టి పొగ వస్తున్నదేమో చూశాడు, మూడోవాడు ట్యాంకు మూత తీసి లోపల తుప్పు ఉందేమోనని తొంగి చూసి, ఏమీ కనిపించకపోయినా గంభీరంగా తల ఊపాడు. బండిని సెంటరు స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రాన్ని చేత్తో ఒక్కసారి తిప్పి చూద్దామన్న ఆలోచన మా నలుగురిలో ఒక్కడికీ రాలేదు.

ఆ మోడలు మన దేశంలో 1985లో వచ్చింది. 97.2 సీసీ నాలుగు స్ట్రోకుల ఇంజిను, అప్పటి రెండు స్ట్రోకుల బళ్ళ పక్కన పెడితే పొదుపుకు మారుపేరు. పెట్రోలు పోయించుకొని, మూత బిగించి, ఇక ఆ సంగతి మరిచిపొమ్మని చెప్పే దాని ప్రకటన అప్పట్లో అందరి నోళ్ళలోనూ నానింది. నా బండికి ముందటి యజమానులు ఆ సలహాను పెట్రోలు ట్యాంకుతో ఆపకుండా వెనక చక్రానికీ, బ్రేకుకూ కూడా భక్తిగా వర్తింపజేశారని నాకు నెల తిరక్కుండానే తెలిసింది.

అప్పట్లో నేను తెనాలిలో ఉంటూ గుంటూరులో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో లెక్కలు చెప్పేవాణ్ణి. జీతం 1,800 రూపాయలు. అంగలకుదురు, నారాకోడూరుల మీదుగా రానూపోనూ యాభై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. స్పీడోమీటరు ముల్లు 40 దాటిన దగ్గర నుంచి నా నడుము కింద సీటు మెల్లగా అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టేది. పెట్రోలు తగ్గించినప్పుడల్లా వెనక నుంచి గడగడమని ఒక చప్పుడు వచ్చేది. రోడ్డు బాగాలేదని సరిపెట్టుకున్నాను. కొత్తగా బండి కొన్నవాడికి లోపం రోడ్డులోనే కనిపిస్తుంది.

ఒకనాటి సాయంత్రం నారాకోడూరు దాటాక ఒక గేదె, తన వెనక రావలసిన మంద కోసం చూస్తున్నట్టుగా, సరిగ్గా రోడ్డు మధ్యకు వచ్చి నిలబడిపోయింది. నేను కుడికాలితో పెడలు తొక్కాను. అది ఎదురు లేకుండా కిందిదాకా పోయింది. ఇంకా గట్టిగా తొక్కితే ఎక్కడో టక్కుమని శబ్దమై చక్రం ఒక్కసారిగా బిగిసిపోయింది. బండి తోక ఆడిస్తూ, టైరు రోడ్డు మీద నల్లటి గీత గీస్తూ పోయి, గేదెకు రెండు బారల దూరంలో ఆగింది. గేదె తల తిప్పి చూడను కూడా లేదు. నేను కాలు తీసేసినా బ్రేకు వదలలేదు. దిగి, వెనక చక్రం దగ్గర రాడ్డుకు తగిలించిన ఇనుప బ్రేకు చేతిని చెప్పుకాలితో వెనక్కి తన్నితే గానీ చక్రం తిరగలేదు. ఆ రోజు మిగతా దూరమంతా ముందు బ్రేకును నమ్ముకొని రెండో గేరు దాటకుండా ఇల్లు చేరాను.

మర్నాడు చూపించిన మెకానిక్కు చక్రాన్ని ఒకసారి తిప్పి, నోరు చప్పరించి, రిమ్ము, హబ్బు (చక్రం నడిమి దిమ్మ), చువ్వలు అన్నీ కొత్తవి వేయాలనీ, 1,100 రూపాయల దాకా అవుతుందనీ చెప్పాడు. అతను అన్యాయంగా చెప్పాడని ఇప్పుడు కూడా అనను. కానీ నెల జీతంలో సగానికి పైగా పోయడం నా వల్ల కాని పని. ఆ సాయంత్రం బండిని నడిపించుకుంటూ మారీసుపేటలో ఉన్న మా మేనమామ సైకిలు కొట్టుకు తీసుకుపోయాను.

మావయ్య కొట్టు అద్దె సైకిళ్ళ కొట్టు. వెనక మడ్‌గార్డు మీద తెల్లరంగుతో నంబరు వేసిన సైకిళ్ళు పద్దెనిమిదో, పంతొమ్మిదో వరసగా నిలబడి ఉండేవి. గంటల లెక్కన అద్దె; పేరూ టైమూ రాసుకోవడానికి దారం కట్టిన పెన్సిలుతో ఒక పొడుగాటి పుస్తకం. ఆ ఏటికే అద్దె బేరం సగం పడిపోయింది. ఆయన మోటారు సైకిలును ఎన్నడూ నడపలేదు, దాని మీద ఎక్కి కూర్చున్నట్టు కూడా నాకు గుర్తు లేదు. నా బండిని చూసి, "ఏరా అల్లుడూ, గుర్రాన్ని కొన్నావని మీ అమ్మ ఊరంతా చెప్పింది, ఇదేమిటి కుంటుతోంది?" అన్నాడు. సంగతంతా విన్నాక వెనక్కి వంగి చక్రాన్ని తిప్పి, చూపుడు వేలిని రిమ్ముకు కొద్ది దూరంలో కదలకుండా పట్టుకున్నాడు. రిమ్ము వేలికి తగులుతూ, దూరమవుతూ, మళ్ళీ తగులుతూ పోయింది. "ఇంజిను సంగతి నాకు తెలియదు గానీ, ఇది చక్రమే కదరా. ఆదివారం పొద్దున్నే రా" అన్నాడు.

ఆదివారం బండిని ఒక చెక్క మీద సెంటరు స్టాండు వేసి నిలబెట్టాం. మొదట వెనక బ్రేకు రాడ్డు చివరి నట్టు విప్పాలి. తరువాత, హబ్బుకు మూతలా ఉండే బ్రేకు ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోకుండా వెనక ఫోర్కుకు కట్టి ఉంచే ఇనుప పట్టీ బోల్టును విప్పాలి. ఈ రెండో బోల్టు దగ్గర మావయ్య చేతులు ఆగిపోయాయి. నట్టు ఊడిపోకుండా ఉండవలసిన స్ప్లిట్ పిన్ను అక్కడ లేదు, ఆ మాటకొస్తే నట్టే లేదు. బోల్టు బెజ్జంలో నుంచి సెంట్రింగు పనిలో వాడే కట్టుతీగను రెండు చుట్లు తిప్పి మెలిపెట్టి వదిలేశారు. ఆ తీగ తెగి బోల్టు జారిన రోజు, బ్రేకు వేసీ వేయగానే ప్లేటు మొత్తం చక్రంతో పాటు తిరిగి, రాడ్డును మెలిపెట్టి, చక్రాన్ని బిగబట్టేస్తుంది. అప్పుడు ఎదురుగా గేదె ఉండనక్కరలేదు. మావయ్య ఆ తీగను ప్లేరుతో కత్తిరించి నా అరచేతిలో పెట్టి, "దాచుకో, నీ ఆయుష్షు దీనితోనే కట్టి ఉంది ఇన్నాళ్ళూ" అన్నాడు.

యాక్సిలు (చక్రపు ఇరుసు) నట్టు విప్పి, యాక్సిలును సుత్తితో నేరుగా కొట్టకుండా చెక్కముక్క అడ్డం పెట్టి కొట్టి బయటికి లాగాం. మరలు చితికితే మళ్ళీ నట్టు ఎక్కదు, కొత్త యాక్సిలు కొనవలసి వస్తుంది. ఈ బండిలో నాకు నచ్చిన ఏర్పాటు ఒకటుంది: చైనూ, దాని పళ్ళచక్రమూ మూసిన చైను డబ్బాలో తమ చోటనే ఉండిపోతాయి, రోడ్డు చక్రం ఒక్కటే పక్కకు జరిగి ఊడి వస్తుంది. చేతికి నూనె మరక అంటకుండా చక్రం వచ్చేసిందని మావయ్య ఆశ్చర్యపోయాడు. ఫ్రీవీలు, చైనులతో రోజంతా కుస్తీ పట్టే మనిషి ఆయన.

బ్రేకు ప్లేటును హబ్బులో నుంచి లాగేసరికి పిడికెడు నల్లటి బూడిద రాలింది. లోపల ఎదురెదురుగా రెండు బ్రేకు షూలు, వాటిని దగ్గరకు లాగి పట్టే రెండు స్ప్రింగులు, షూల కొసల మధ్య క్యాము అనే ఇనుప బద్ద. పెడలు తొక్కితే రాడ్డు ముందుకు లాగి, క్యామును తిప్పి, షూలను విడదీసి హబ్బులోని డ్రమ్ము లోపలి గోడకు ఒత్తుతుంది. అంతకు మించి మర్మం ఏమీ లేదు. నా బండి షూల మీద, డ్రమ్ముకు రాసుకునే లైనరు పొర పాత రూపాయి బిళ్ళంత మందం కూడా మిగలలేదు. స్ప్రింగులు విప్పి ఒక షూను పైకి తీయగా క్యాముకు ఆనే చోట నుంచి ఏదో మెరుస్తూ జారి నేల మీద పడింది. అది చూపుడు వేలి గోరంత వెడల్పున కత్తిరించి, మధ్యకు మడిచిన రేకుముక్క. దాని మీద గులాబీ రంగు పువ్వు సగం, పక్కన ఆకుపచ్చ ఆకు ఒకటి ఇంకా చెరగకుండా ఉన్నాయి. ముఖానికి రాసుకునే పౌడరు డబ్బాను కత్తిరించి చేసిన ముక్క అది.

దాన్ని చేతిలో పట్టుకొని మావయ్య చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. లైనర్లు అరిగిపోతే క్యాము ఎక్కువ దూరం తిరగాలి. రాడ్డు నట్టును చివరిదాకా బిగించారు. అదీ చాలనప్పుడు బ్రేకు చేతిని క్యాము పళ్ళ మీద ఒక పన్ను వెనక్కి మార్చి వేశారు. దానికీ గడువు తీరాక ఈ రేకుముక్కను షూ కింద దోపి, కొత్త షూల ఖరీదు ఇంకో నాలుగు నెలలు మిగుల్చుకున్నారు. అలా మితిమీరి తిరిగిన క్యాము గట్టిగా తొక్కిన ఆ రోజున షూల మధ్య నిలువుగా నిలబడిపోయింది, స్ప్రింగులు దాన్ని వెనక్కి తేలేకపోయాయి. టక్కుమన్నది అదే. బ్రేకు ప్లేటు బయటి వైపు, షూలు ఎంత అరిగాయో చూపడానికి ఒక చిన్న బాణపు గుర్తు ఉంటుంది. షూ కింద రేకు దోపిన క్షణం నుంచి ఆ బాణం కూడా అబద్ధమే చెబుతూ వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ నల్లటి బూడిదను మావయ్య సైకిలు పంపుతో ఊది శుభ్రం చేశాడు, నేను పక్కనే నిలబడి పీల్చాను. ఆనాటి బ్రేకు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండడం మామూలు సంగతి. ఆ పొడి ఊపిరితిత్తులకు చేసే హాని మా ఇద్దరికీ తెలియదు. ఈనాడైతే తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేస్తాను.

చక్రంలో 36 చువ్వలకు ఐదు విరిగిపోయాయి. రెండింటిని పక్క చువ్వలకు తీగతో కట్టారు. మిగిలిన వాటిలో సగానికి నిపుళ్ళు (చువ్వ కొసను రిమ్ముకు బిగించే చిన్న నట్లు) తుప్పు పట్టి పానాకు లొంగలేదు. రిమ్ము మీద నికెలు పొర అక్కడక్కడా ఊడింది గానీ పగుళ్ళు లేవు. రిమ్మునూ హబ్బునూ ఉంచుకొని చువ్వలన్నీ కొత్తవి వేద్దామని మావయ్య తేల్చాడు. సైకిలుకైతే ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40. ఈ 36 ఆయనకు కొత్త లెక్క. అయినా విప్పడానికి ముందు ఒక జాగ్రత్త తీసుకున్నాడు: డ్రమ్ము అంచు మీద అడ్డంగా ఒక స్కేలు పెట్టి, అక్కడి నుంచి రిమ్ము అంచు ఎంత దూరంలో ఉందో ఇంకో స్కేలుతో కొలిచి, ఆ కొలతను కొట్టు గోడ మీద సుద్దతో రాశాడు. రిమ్ము హబ్బుకు నట్టనడుమ ఉండదు, ఒక పక్కకు కొంత జరిగి ఉంటుంది. ఆ జరుగు తప్పితే చక్రం ఎంత సాఫుగా తిరిగినా బండి ముందు చక్రం ఒక గీత మీద, వెనక చక్రం ఇంకో గీత మీద పోతాయి. సైకిలు వెనక చక్రానికి ఫ్రీవీలు పక్క చువ్వలు బిగువుగా, రెండో పక్క కొంచెం వదులుగా ఎందుకుంటాయో చిన్నప్పుడు ఆయనే నాకు చెప్పాడు. ఇదీ ఆ లెక్కే.

చువ్వలన్నీ ఎలాగూ విప్పుతున్నాం కనుక, హబ్బు విడిగా చేతికి వచ్చినప్పుడే డ్రమ్మును లేతు (ఇనుమును తిప్పుతూ చెక్కే యంత్రం) మీద చెక్కించుకోవడం సులువయింది. చువ్వలు, రిమ్ముతో ఉన్న చక్రం చిన్న లేతు మీద పట్టదు. అరిగిన షూలు రాసుకొని డ్రమ్ము లోపల గ్రామఫోను రికార్డులా గాడులు పడ్డాయి. లేతు ఆయన కాలిపరు పెట్టి చూసి, ఈ డ్రమ్ము కొత్తప్పుడు 110 మిల్లీమీటర్లు, 111 దాటితే పారేయవలసిందే, నీకింకా చోటుంది అని చెప్పి, గాడులు పోయేదాకా మాత్రమే పలచగా చెక్కి 40 రూపాయలు తీసుకున్నాడు.

చువ్వలు అల్లడం ఒక్కసారితో తెమలలేదు. హబ్బు అంచుకు లోపలి నుంచి వచ్చే చువ్వలు, బయటి నుంచి వచ్చే చువ్వలు, వాటి మెడల వంపులు వేరు. సైకిలులో చువ్వలు ఎలా ఒకదాన్నొకటి దాటుతాయో ఆయన చేతులకు తెలుసు గానీ, ఈ హబ్బు లావు కనుక ఇక్కడ దాటే లెక్క వేరు. మొదటిసారి అల్లినప్పుడు చివరి నాలుగు చువ్వలు రిమ్ము బెజ్జాలకు అందలేదు. తిట్టుకోకుండా అన్నీ విప్పి, లేచి వెళ్ళి ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చొని కొంతసేపు చూసి వచ్చి, మళ్ళీ మొదలుపెట్టాడు. రెండోసారి 36 చువ్వలూ తమ తమ బెజ్జాల్లోకి వచ్చాయి.

ఆయన దగ్గర సైకిలు చక్రాల బెండు తీయడానికి కిటికీ చట్రానికి బిగించిన పాత ఫోర్కు ఒకటి ఉండేది. మోటారు సైకిలు చక్రం దానిలో పట్టదు. అందుకని బండి ఫోర్కులోనే చక్రాన్ని యాక్సిలుతో వేలాడదీసి, ఫోర్కుకు ఒక సుద్దముక్కను కట్టి, చక్రాన్ని మెల్లగా తిప్పాడు. రిమ్ము పక్కకు వచ్చిన చోట సుద్ద గీత పడుతుంది. గీత పడిన చోట ఆ పక్క చువ్వను పావు చుట్టు వదులు చేసి, ఎదుటి పక్క చువ్వను పావు చుట్టు బిగించాలి. పావు చుట్టుకు మించి ఎప్పుడూ తిప్పకూడదు, ఒకే చువ్వతో పని జరిపించాలని చూడకూడదు, చుట్టుపక్కల నాలుగింటికీ ఆ బరువును పంచాలి. పక్కకు ఊగడం తగ్గాక, రిమ్ము పైకీ కిందకీ ఎగరడం కనిపించింది. దాన్ని సరిచేస్తే మళ్ళీ పక్క ఊపు కొంచెం వచ్చింది. మధ్యాహ్నం భోజనానికి అత్తయ్య రెండుసార్లు కబురు పంపింది. మూడోసారి తానే వచ్చి, చక్రాన్నీ మమ్మల్నీ చూసి, ఏమీ అనకుండా క్యారేజీ బల్ల మీద పెట్టి వెళ్ళింది.

మూడు గంటల వేళకు సుద్దగీత చక్రం చుట్టూ ఒక్కలా పడింది. అప్పుడు ఆయన నిపుల్ పానాతో ప్రతి చువ్వనూ ఒకసారి మీటాడు. టింగు, టింగు, టింగు అని వస్తున్న వరసలో ఒకటి డబ్‌మంది. దాన్ని పావు చుట్టు బిగించి మళ్ళీ మీటితే టింగుమంది. నిపుళ్ళ తలల మీదికి పొడుచుకొచ్చిన చువ్వ మొనలను ఆకురాయితో అరగదీసి, వేలితో తడిమి చూసుకొని, ట్యూబుకు గుచ్చుకోకుండా పాత సైకిలు ట్యూబును పట్టీలా కోసి రిమ్ము లోపల చుట్టాడు. పాత చక్రానికి ఈ పట్టీ లేకపోవడం వల్లనే ట్యూబుకు ఏడు పంచర్లు పడ్డాయి.

బేరింగులు రెండూ చేతితో తిప్పితే ఇసుక నమిలినట్టు ఉన్నాయి, కొత్తవి వేశాం. వాటి సంగతి అంతే. గొడవ హబ్బు రబ్బర్ల దగ్గర వచ్చింది. ఇంజిను లాగుడు చక్రానికి దెబ్బలా తగలకుండా హబ్బుకూ పళ్ళచక్రానికీ మధ్య నాలుగు రబ్బరు దిమ్మెలు ఉంటాయి. అవి నలిగి సన్నబడడం వల్లనే గడగడ చప్పుడు. నా దగ్గర డబ్బు అప్పటికే అయిపోయింది. మావయ్య సైకిలు ట్యూబు ముక్కలు కత్తిరించి ఆ రబ్బర్ల పక్కన దోపబోయాడు. "వాడు రేకు పెడితే మోసం, నువ్వు ట్యూబు ముక్క పెడితే తెలివా?" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "ఇది ఊడితే చప్పుడు వస్తుంది, అది ఊడితే నువ్వే రావు. రెండూ ఒకటేనా?" అన్నాడు. ఇద్దరం ఒక పావుగంట మాట్లాడుకోలేదు. చివరికి ట్యూబు ముక్కలే పెట్టాం. రెండు నెలల తరువాత జీతం నుంచి కొత్త రబ్బర్లు కొని వేశాను. ఆయన చెప్పిన తేడా సరైనదేనని అప్పుడే తెలిసినా, ఆ మాట ఆయనతో అనలేదు.

కొత్త షూల అంచులను ఎమెరీ కాగితంతో కొంచెం వాల్చి, క్యాము ఇరుసుకు గ్రీజు చాలా పలచగా, లైనరుకు ఒక్క చుక్క కూడా తగలకుండా రాసి, బ్రేకు చేతిని దాని అసలు గుర్తుకు తెచ్చి బిగించాం. చక్రం ఎక్కించాక యాక్సిలు నట్టును చివరగా బిగించేటప్పుడు, బ్రేకు పెడలును నా చేత గట్టిగా నొక్కి పట్టించాడు. షూలు డ్రమ్ముకు ఆని ప్లేటును తనంతట తానే నడుమకు తెచ్చుకుంటాయి, అప్పుడు బిగిస్తే బ్రేకు ఒక పక్కనే రాసుకోదు. ఈ కిటుకు ఎవరూ ఆయనకు చెప్పింది కాదు, సైకిలు బ్రేకు కట్టలను సర్దే అలవాటు నుంచి ఆయనకు తట్టింది. ఇనుప పట్టీ బోల్టుకు కొత్త నట్టు, దానిలో కొత్త స్ప్లిట్ పిన్ను వేసి, దాని కాళ్ళు రెండూ విడదీసి వంచాడు. పెడలుకు రెండు మూడు సెంటీమీటర్ల వదులు ఉంచి రాడ్డు నట్టు సరిచేశాడు.

చీకటి పడబోతుండగా కాలవ కట్ట మీద బండిని నడిపి చూశాను. సీటు ఊగడం లేదు. బ్రేకు మాత్రం పట్టీ పట్టనట్టు ఉంది. తిరిగి వచ్చి ఆ మాట చెబితే మావయ్య ముఖం చిన్నబోయింది. కొత్త లైనర్లు డ్రమ్ము వంపుకు అరిగి ఒదగడానికి కొంత ప్రయాణం పడుతుందని మాకు ఆనాడు తెలియదు. గురువారం నాటికి బ్రేకు కాలు పెట్టిన చోటల్లా పట్టడం మొదలైంది. ఆ సాయంత్రం గుంటూరు నుంచి వస్తూ కొట్టు ముందు వేగంగా వచ్చి బండిని గీత గీసినట్టు ఆపి చూపించాను. ఆయన పుస్తకంలో అద్దె లెక్క రాసుకుంటూ తల ఎత్తకుండానే, "కొత్త చువ్వలు సాగుతాయి, పది రోజులయ్యాక తీసుకురా, మళ్ళీ బిగించాలి" అన్నాడు.

పౌడరు డబ్బా రేకుముక్కను ఆయన కొట్టు గోడకు, స్కేలుతో కొలిచి రాసిన సుద్ద అంకె పక్కన, చిన్న మేకుతో కొట్టి ఉంచాడు. కొట్టు మూసిన రోజు వరకూ అది అక్కడే ఉంది.

2003లో బండిని 6,000 రూపాయలకు అమ్మేశాను. కొనడానికి వచ్చిన కుర్రాడు తనతో ఇద్దరిని తెచ్చుకున్నాడు. వాళ్ళు కిక్కు కొట్టి చప్పుడు విన్నారు, సైలెన్సరు దగ్గర చెయ్యి పెట్టారు. నేను బండిని సెంటరు స్టాండు మీదికి ఎత్తి, గేరు తటస్థంలో ఉంచి, వెనక చక్రాన్ని చేత్తో బలంగా తిప్పాను. అది ఎటూ ఊగకుండా, ఎక్కడా రాసుకోకుండా చాలాసేపు తిరిగింది. కుర్రాడు మర్యాదగా, అది ఆగేదాకా ఓపిక పట్టాడు. ఆగాక, "లీటరుకు ఎంత ఇస్తుందండీ?" అని అడిగాడు.